ఎస్తేరు మేడమ్ నీళ్లడిగితే

ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌ని వెతకడం కంటే ఆడపిల్లకు సంబంధం వెతకడమే నయమని నవనీతకు ఆ సెప్టెంబరులో బాగా తెలిసొచ్చింది. సంబంధమైతే మధ్యలో నలుగురు పెద్దమనుషులుంటారు, చెడితే నింద నలుగురూ పంచుకుంటారు. కోచ్ చెడితే నింద మొత్తం జనరల్ మేనేజర్ నెత్తిన పడుతుంది. తంగేడు ఫుట్‌బాల్ క్లబ్‌కు జనరల్ మేనేజర్ నవనీతే. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, ఆఫీసు మాత్రం వనపర్తి బస్టాండు వెనక మోటారు పంపుల దుకాణం మీద ఒక గది. కింద దుకాణం, మీద క్లబ్బు, రెండూ మహేందర్‌వే.

మహేందర్ చెడ్డవాడు కాదు. బోర్లకు పైపులమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక, చుట్టుపక్కల ఊళ్లలో ఇంత బాగా పరుగెత్తే ఆడపిల్లలుండగా వాళ్లకో జట్టు లేకపోవడమేమిటని ముచ్చటపడి క్లబ్బు పెట్టాడు. నాలుగేళ్లు కిందా మీదా పడి ఈ ఏడు జట్టు మొదటిసారి రాష్ట్ర లీగ్‌లోకి ఎక్కింది. ఎక్కిన వారానికే పాత కోచ్ హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం దొరికిందని చెప్పి దండం పెట్టి వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున పది గంటలకల్లా కొత్త హెడ్ కోచ్ పేరు లీగ్ వాళ్లకు పంపాలి. దాంతోపాటే ఇరవై మంది ఆటగాళ్ల పేర్లూ పంపాలి. జట్టులో ఉన్నది ఇరవై రెండు మంది.

"కోచ్ సంగతిల నీ మాటే ఆఖరు నవనీతమ్మా, నేను నడుమ రాను," అన్నాడు మహేందర్. "కానీ జట్టు మునిగిందనుకో, ఇగ నాతోని కాదు. క్లబ్బు బందు పెట్టి నా పైపులు నేనమ్ముకుంట."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. నవనీతకు మాత్రం నవ్వు రాలేదు. క్లబ్బు మూసేస్తే ఆ ఇరవై రెండు మందీ ఏమవుతారో ఆమెకు తెలుసు. బూట్లు అటకెక్కుతాయి, పిల్లలు పత్తి చేలకు పోతారు, ఏడాది తిరిగేసరికి తాము ఆడామన్న సంగతి తమకే కలలా ఉంటుంది.

దరఖాస్తులు ఏడొచ్చాయి. వచ్చినవాళ్లను అడగడానికి ఆమె పద్నాలుగు ప్రశ్నలు రాసుకుంది. రాసుకుని, చదువుకుని, ఒక్కొక్కటే కొట్టేసింది. జట్టును ఎట్లా గెలిపిస్తారని అడిగితే అందరూ క్రమశిక్షణ అంటారు. క్రమశిక్షణ అనని కోచ్‌ని, కూరగాయలు తాజావి కావని చెప్పే కూరగాయలామెను ఎవరైనా చూశారా? గెలిచిన రోజు ప్రతివాడూ మంచి కోచే. మైదానంలో ఆడేది పదకొండు మందే అయినా, ఆడని తక్కినవాళ్లు గట్టు మీద కూర్చుని ఏమనుకుంటున్నారో దాన్ని బట్టే జట్టు నిలుస్తుంది, లేదా కూలుతుంది. ఈ సంగతి నవనీత పుస్తకాల్లో చదివింది కాదు. అందుకని చివరికి ఒక్క ప్రశ్నే మిగుల్చుకుంది: మీరు జట్టులోంచి తీసేసిన ఒక ఆటగత్తె పేరు చెప్పండి, ఇప్పుడామె ఏం చేస్తున్నదో చెప్పండి.

శుక్రవారం నాడు ఆరుగురు ఆ ప్రశ్న దగ్గరే తడబడ్డారు. ఒకాయన తాను ఎవరినీ తీసేయలేదని, వాళ్లే పోయారని అన్నాడు. ఇంకొకాయన ఇదేం ప్రశ్నమ్మా అని కోప్పడ్డాడు. ఆరుగురిలో మేలైనవాడు శ్రవణ్ కుమార్. నాగర్‌కర్నూల్ పిల్లవాడే, హైదరాబాద్‌లో పెద్ద లైసెన్సు తెచ్చుకున్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి, తంగేడు జట్టు ఆఖరి అయిదు ఆటల్లో ఎక్కడెక్కడ బంతి పోగొట్టుకుందో బొమ్మలేసి చూపించాడు. చూస్తుంటే నవనీతకు ముచ్చటేసింది. ప్రశ్న అడిగితే నిజాయితీగానే జవాబిచ్చాడు.

"పేర్లు గుర్తుండవు మేడమ్. ఎవరుండాల్నో ఎవరు పోవాల్నో అంకెలే చెప్తయి. పోయినోళ్ల గురించి ఆలోచిస్తే ఉన్నోళ్లను ఆడియ్యలేం."

మహేందర్ కుర్చీలో ముందుకు జరిగి, ఇతనే అన్నట్టు కళ్లతో సైగ చేశాడు. నవనీత కూడా దాదాపు తల ఊపబోయింది. కానీ ఏడో దరఖాస్తు ఇంకా బల్ల మీద ఉంది. జె. ఎస్తేరు, ఇటిక్యాల. స్కూల్లో ఆటలు నేర్పే టీచరు. అనుభవం ఇరవై మూడేళ్లు.

ఆ దరఖాస్తు వచ్చిన రోజునే దాన్ని చించేద్దామనుకుంది నవనీత. ఆమెకు పదిహేడేళ్లప్పుడు, గద్వాలలో జిల్లా జట్టు ఎంపిక జరిగింది. ఎంపిక చేసింది ఈ ఎస్తేరు మేడమే. బిజినేపల్లి నుంచి నాన్న కురుమూర్తి పని మానుకుని కూతురి వెంట వచ్చాడు. సాయంత్రానికి జాబితా రాసిన కాగితం ఒకటి గోడకు అతికించి ఉంది. నాన్నకు కూడబలుక్కుని చదవడమే వచ్చు. పై నుంచి కిందికి ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివాడు. కూతురి పేరు దొరకలేదు. తన చదువు మీదే అనుమానం వచ్చి మళ్లీ మొదటి నుంచి చదివాడు. మూడోసారి వేలు పైకి పోతుంటే నవనీత ఆయన చేయి పట్టుకుని ఆపింది. ఆ తర్వాత ఆమె మళ్లీ బూట్లు తొడగలేదు. పట్నంలో హాస్టల్లో చేరి చదువుకుంది, ఒక కంపెనీలో ఆరేళ్లు పనిచేసింది, క్లబ్బు పెట్టారని వినగానే మనసాగక తిరిగొచ్చింది. అయినా ఆ గోడ, ఆ వేలు ఆమెను వదల్లేదు. ఆ పద్నాలుగు ప్రశ్నల్లో మిగిలిన ఒక్క ప్రశ్నా ఎందుకు మిగిలిందో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. ఎస్తేరు మేడమ్‌ని పిలిచింది కూడా ఉద్యోగం ఇద్దామని కాదు, ఆ ప్రశ్న అడుగుదామనే.

ఆమె మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. నేత చీర, కింద తెల్లటి ఆట బూట్లు, భుజాన గుడ్డ సంచి. కూర్చోమంటే కూర్చుంది. నవనీత ముఖంలోకి ఒకసారి చూసి, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"మీరు జట్టుల నుంచి తీసేసిన ఒక పిల్ల పేరు చెప్పుండ్రి," అంది నవనీత. గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఇప్పుడామె ఏం చేస్తున్నదో చెప్పుండ్రి."

"నవనీత," అంది ఎస్తేరు మేడమ్. "ఊరు బిజినేపల్లి. సెంటర్ ఫార్వర్డ్. ఇప్పుడు నా ముంగట కూసొని నన్ను సవాలు అడుగుతున్నది."

మహేందర్ తాగుతున్న చాయ్ పొలమారింది. నవనీత ఆ దగ్గు ఆగేదాకా ఆగింది. పదహారేళ్లుగా నాలుక చివర నిలబడి ఉన్న మాటను అప్పుడు బయటికి వదిలింది.

"తీసేసుడు తప్పనిపిస్తున్నదా మేడమ్ ఇప్పుడు?"

"లేదు. తీసేసుడు తప్పు కాదు," అంది ఆమె నెమ్మదిగా. "బంతి నీ కాళ్ల కాడ ఉన్నంతసేపు నీ అసొంటి పిల్ల జిల్లాలనే లేకుండె. బంతి పోయిందంటే మాత్రం నడుము మీద చెయ్యేసుకొని నిలవడుతుంటివి. ఎనుకకు ఉరుకకపోతుంటివి. మూడు ఆటలు చూసిన, మూడింట్ల గట్లనే. నీ ఉరుకుడు గూడ నీ ఎనుకున్న పిల్లలే ఉరికిండ్రు. మళ్ల గదే ఆట ఆడినవంటే ఇయ్యాల గూడ నిన్ను తీసుకోను."

నవనీతకు ముఖం వేడెక్కింది. ఏడుపు కాదు, కోపం కూడా కాదు. ఎవరో లోపలికి చేయిపెట్టి, తాను దాచుకున్నదేదో తీసి బల్ల మీద పెట్టినట్టయింది. నడుము మీద చెయ్యి. నిజమే. తనకు తెలుసు. ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు గనుక ఎవరూ చూడలేదనుకుంది.

"తప్పు జరిగింది వేరే," అంది ఎస్తేరు మేడమ్. "నీ మొకం చూసి చెప్పే ధైర్యం లేక గోడకు కాగితం అంటిచ్చి బస్సెక్కిన. ఇంటికి పోయి మా నాయినకు చెప్తే, గోడకు చెప్పినవా, పిల్లకు చెప్పినవా అని అడిగిండు. ఆ రాత్రి నాకు బువ్వ పోలే."

తన నాన్న మాసయ్య ఒకప్పుడు కూలీల మేస్త్రి అని ఆమె చెప్పుకొచ్చింది. వానలు పడని ఏళ్లలో నలభై యాభై మందిని వెంటేసుకుని కాలువ పనులకు, కట్టల పనులకు మహారాష్ట్ర దాకా తీసుకుపోయేవాడు. అందరినీ తీసుకుపోవడం కుదరదు. జబ్బుపడినవాడు, నడుం పోయినవాడు, ముసలితనం వచ్చినవాడు ఆగిపోవాల్సిందే. అటువంటివాళ్లకు మాసయ్య మనిషిచేత కబురు పంపేవాడు కాదు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా తానే వాళ్లింటికి పోయి కూర్చుని, మంచినీళ్లడిగి తాగి, అప్పుడు చెప్పేవాడు. ఈసారి నిన్ను తీసుకపోతలేను, గిందుకు తీసుకపోతలేను, అని.

"నీళ్లెందుకమ్మా?" అన్నాడు మహేందర్ ఉండబట్టలేక.

"నీళ్లు తాగినంక ఆ ఇంట్ల అబద్దం చెప్పబుద్ధి కాదంటడు సార్. ఇచ్చినోళ్లకు గూడ తిట్టబుద్ధి కాదంట. ఆ దినం నుంచి నేను గూడ గోడకు కాగితం అంటియ్యలే. ఎవర్ని తీసేసినా ఆళ్లింటికి పోత, నీళ్లడుగుత, చెప్త."

"మరి మా ఇంటికెందుకు రాలే?" అంది నవనీత. చిన్నపిల్ల అడిగినట్టు అడిగేసింది.

ఎస్తేరు మేడమ్ మొదటిసారి చూపు కిందికి దించింది. "వచ్చిన ఒకసారి. నువ్వు లేవు. పని కాలే," అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

పోతూ పోతూ ఆమె కూడా ఒక ప్రశ్న అడిగింది. జట్టులో ఎవరుండాలో తాను చెప్పాలా, సారు చెప్తారా అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మహేందర్ సర్దుకుని కూర్చున్నాడు. రెండో గోల్ కీపర్ రేణుక ఆయన అక్క కూతురే మరి.

"మంచిగైంది," అన్నాడు ఆమె మెట్లు దిగగానే. "ఇయ్యాల గూడ నిన్ను తీసుకోనని నీ మొకం మీదనే అన్నది. గసొంటామెను మనమెందుకు తీసుకుంటం? శ్రవణ్ కుమార్‌కు ఫోన్ కొట్టుదునా?"

"సోమవారం దాక టైముంది కదన్నా," అంది నవనీత. "జర ఆగు."

శనివారం పొద్దున్నే ఆమె గద్వాల బస్సెక్కింది. కోచ్ గురించి తెలుసుకోవాలంటే ఆ కోచ్ గెలిపించినవాళ్లను అడిగి లాభం లేదు, వాళ్లు పొగుడుతారు. తీసేసినవాళ్లనడగాలి. ఎస్తేరు మేడమ్ రెండేళ్ల కింద పక్కనబెట్టిన పిల్లల్లో బుజ్జమ్మ అనే ఆమె గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలో చీటీలు రాస్తుందని తెలిసింది. మధ్యాహ్నం అన్నం వేళకు ఆమెను పట్టుకుంది.

"ఇంటికొచ్చింది మేడమ్," అంది బుజ్జమ్మ టిఫిన్ డబ్బా తెరుస్తూ. "నీళ్లియ్యి బుజ్జీ అన్నది. మాకందరికి ఎరుకే, ఎస్తేరు మేడమ్ నీళ్లడిగితే ఇగ అయిపోయినట్టే అని. నాకు కోపమాగక గ్లాసు ఇసిరికొట్టిన. ఆ గ్లాసుకు సొట్ట ఇంక ఉంది మా ఇంట్ల. మేడమ్ ఏమనలే. లేసి గ్లాసు తీసుకొని కడుక్కొని, బిందెల ఆమెనే ముంచుకొని తాగి, మల్ల వచ్చి కూసొని చెప్పింది. నీకు కాళ్లల్ల సత్తువ తక్కువుంది, కానీ తప్పు ఎవరు చేసిండ్రో అందరికన్న ముందు నీకే కనబడ్తది, రెఫరీ పరీక్ష రాయి అన్నది."

"రాసినవా?"

"నెలరోజులు మాట్లాడలే. తర్వాత రాసిన. పరీక్షకు నా తోడు ఆమెనే వచ్చింది. ఇప్పుడు జిల్లా ఆటలకు నేనే ఊదుత." బుజ్జమ్మ మెడలో దారానికి కట్టిన ఈల చూపించి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. "మొన్న ఆమె జట్టుకే పెనాల్టీ ఇచ్చిన. ఆట అయినంక వచ్చి, మంచిగ చూసినవు అన్నది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవనీత చాలాసేపు ఆ సొట్ట గ్లాసు గురించే ఆలోచించింది. తనకేం కావాలో అప్పుడామెకు పూర్తిగా అర్థమైంది. గెలుపు ఎవరి చేతిలోనూ లేదు. కానీ మనిషికి చెప్పాల్సిన కఠినమైన మాటను ఆ మనిషి గడప లోపల కూర్చుని చెప్పి, ఆ తర్వాత కూడా ఆ మనిషిని వదలని కోచ్ ఉంటే, ఇరవై మందిలో ఆడనివాళ్లు కూడా జట్టుకోసం ప్రాణం పెడతారు. అంత పెద్ద మనసు ఆమె అంతకుముందు చూడలేదు. చూసినా తన కోపం అడ్డమొచ్చి గుర్తుపట్టలేదు.

అయినా ఒక ముల్లు మిగిలింది. ఇంటికి వచ్చానని అంది కదా. ఎప్పుడొచ్చింది? వచ్చి ఉంటే అమ్మానాన్నలు చెప్పకుండా ఉంటారా? అడిగేసరికి తప్పించుకోవడానికి అన్న మాటేమో. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు తన మంచి కోసం ఒక్క అబద్ధమాడినా, ఆ నీళ్ల కథంతా నాటకమే అవుతుంది. అట్లాగైతే అంకెలు చూసుకునే శ్రవణ్ కుమారే మేలు, ఆయన కనీసం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ సంగతి తేల్చుకోవడానికి ఆదివారం పొద్దున బిజినేపల్లి వెళ్లింది.

ఇంటి ముందు అరుగు మీద నాన్న కురుమూర్తి, అమ్మ జంగమ్మ విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నారు. నవనీత కూడా కూర్చుని నాలుగు కాయలు ఒలిచింది.

"నాయినా, నన్ను తీసేసిన ఎస్తేరు మేడమ్ యాదికున్నదా? ఆమె మన క్లబ్బుల పనికి అడిగింది. మన ఇంటికి ఒకసారి వచ్చిన అంటున్నది. వచ్చిందా?"

"లే," అన్నాడు కురుమూర్తి. "వస్తే నాకు ఎరుక ఉండదా?"

అయితే అబద్ధమే. సంచి తీసుకుని లేవబోయింది. అప్పుడు చూసింది, అమ్మ చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"వచ్చింది," అంది జంగమ్మ, కాయల వైపే చూస్తూ. "నువ్వు పట్నం పోయినంక, దసరా ముంగట. మీ నాయిన చేన్ల ఉండె. పీఈటీ మేడమ్‌ని అన్నది. ఏ ఊరమ్మా అంటే ఇటిక్యాల అన్నది. పేరడిగితే చెప్పింది. పేరు ఇని ఆళ్లు ఎవరో నాకు తెల్సింది, మనోళ్లు కాదని. జర నీళ్లియ్యమ్మా అన్నది."

"ఇచ్చినవా?"

"కడప అవతల నిలవెట్టి, దోసిలి పట్టుమన్న. చెంబుతోని పైనుంచి పోస్తనని."

నాన్న చేతిలోని కాయ అట్లాగే ఉంది.

"పట్టిందా అమ్మా?"

"పట్టలే. తన చేతుల దిక్కు చూసుకున్నది. వద్దులేమ్మా, దప్పిక లేదు అని పోయింది." జంగమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "అప్పుడు గట్లనే నడుస్తుండె బిడ్డా."

అప్పుడంటే ఏ రాజుల కాలమో కాదు. ఆ ఇంట్లో అప్పటికే కలర్ టీవీ ఉంది, నాన్న జేబులో సెల్‌ఫోన్ ఉంది. కూతురికి గోడ మీద జరిగిన అన్యాయాన్ని ఊరంతా తిరిగి చెప్పుకున్న ఇల్లే అది. ఆ కూతురికి క్షమాపణ చెప్పుకోవడానికి యాభై కిలోమీటర్ల పైన బస్సులో వచ్చిన మనిషికి ఒక గ్లాసు నీళ్లు దొరకలేదు. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, ఈ తప్పులో మనకెవరికీ తేడా లేదు, అదే మన ఖర్మ.

"నేనున్నా ఇస్తుంటినో లేదో," అన్నాడు కురుమూర్తి. "ఇస్తుంటి అని చెప్పాలని ఉంది. కానీ చెప్పలేను."

నవనీతకు అమ్మ మీద అరవాలనిపించింది. కానీ అంతకంటే ముందు ఇంకో సంగతి తట్టింది. మొన్న శుక్రవారం ఎస్తేరు మేడమ్ ఈ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు, తాను సిగ్గుతో అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేది. పని కావాలని వచ్చిన మనిషి చేతిలో అంత పెద్ద ఆయుధం పెట్టుకుని, దాన్ని బయటికి తీయలేదు. నువ్వు లేవు, పని కాలే అని ఊరుకుంది. ఇటువంటి మనిషిని ఇంకెక్కడ వెతకాలి?

"ఆమెనే తీసుకుంటున్న," అంది లేచి నిలబడి. "ఇప్పుడే ఆళ్లింటికి పోతున్న. వస్తవా అమ్మా?"

జంగమ్మ లేవలేదు. కాదని కూడా అనలేదు. ఒలిచిన గింజల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

బీచుపల్లి వంతెన దాటుతుంటే కింద కృష్ణ నిండుగా పారుతోంది. ఎర్రవల్లి చౌరస్తాలో దిగి, ఆటో ఎక్కి ఇటిక్యాల చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చర్చి వదిలిన జనం ఇళ్లకు పోతున్నారు. ఎస్తేరు మేడమ్ ఇల్లు అడగ్గానే చూపించారు. ముందు వసారాలో నులక మంచం మీద మాసయ్య కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, కళ్లు మసకబారాయి, భుజాలు మాత్రం మేస్త్రి భుజాలే.

"ఎవరమ్మా?"

"వనపర్తి నుంచి వచ్చిన తాతా. ఫుట్‌బాల్ క్లబ్బు."

"ఎస్తేరూ!" అని కేకేశాడు ముసలాయన. కేకలోనే ఆశంతా వినిపించింది.

ఎస్తేరు మేడమ్ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కుర్చీ వేసింది. నవనీత కూర్చుంది. దారంతా ఏమేమో చెప్పాలనుకుని కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. నోటికి వచ్చింది ఒక్కటే.

"మేడమ్, జర మంచినీళ్లియ్యుండ్రి."

మాసయ్య చేయి మంచం పట్టె మీద బిగుసుకుంది. ఎస్తేరు మేడమ్ ముఖంలో ఏదో ఒక్క క్షణం ఆరిపోయింది. లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు, గ్లాసు తెచ్చింది. పోసింది. నవనీత ఒక్క గుక్క మిగల్చకుండా తాగింది.

"పోనీ తీయి బిడ్డా," అన్నాడు మాసయ్య. "గింత ఎండల ఇంటిదాక వచ్చి మొకం చూసి చెప్పేటోళ్లు ఎంతమంది ఉంటరు. మేం మనసుల ఏం పెట్టుకోం. చెప్పు, ఎందుకు తీసుకుంటలేరో గది గూడ చెప్పు. అది చెప్తే మనిషి బాగుపడ్తడు."

తానేం చేసిందో నవనీతకు అప్పుడు తట్టింది. ఆ ఇంట్లో నీళ్లడగడమంటే ఏమిటో తెలిసి ఉండి, తెలియనిదానిలా అడిగింది. నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి.

"కాదు తాతా, తీసేయనీకి రాలే," అంది ఆయన చేయి పట్టుకుని. "తీసుకపోనీకొచ్చిన. రేపు పొద్దున పదింటికి హెడ్ కోచ్ కింద మేడమ్ పేరు పంపుతున్న. ఒకప్పుడు మేడమ్ మా ఇంట్ల అడిగితే దొరకని నీళ్లున్నయి. అవి తలుసుకొని అడిగిన, అంతే."

ఎస్తేరు మేడమ్ గుంజకు ఆనుకుని నిలబడింది. "అమ్మ చెప్పిందా?"

"ఇయ్యాలనే చెప్పింది. మొన్న మీరెందుకు చెప్పలే మేడమ్?"

"నువ్వు నా పని గురించి అడిగినవు," అంది ఆమె. "అది మీ అమ్మ పని. నా పని అయినంత మటుకు నేను చెప్పిన."

మాసయ్య ఇంకా నమ్మలేనట్టు నవనీత చేయి తడుముతూనే ఉన్నాడు. "నలభై ఏండ్లు గీ పని చేసిన," అన్నాడు. "ఎన్నో ఇండ్లల్ల నీళ్లు తాగిన, తాగినంక ఒక్క ఇంట్ల గూడ మంచి మాట చెప్పింది లే. నీళ్లు తాగి మంచి మాట చెప్పింది నువ్వొక్కదానివే బిడ్డా."

ఎస్తేరు మేడమ్ ఆ మాట విని గట్టిగా ముక్కు చీదుకుంది. తర్వాత గోడవారన ఉన్న తెల్ల బూట్లు తెచ్చుకుని, కింద కూర్చుని లేసులు కట్టుకోవడం మొదలుపెట్టింది. లీగ్‌కు ఇరవై మంది పేర్లే పంపాలి కదా అని అడిగింది. జట్టు ఆడిన ఆటలు మూడు తాను గోల్ వెనక నిలబడి చూశానని, తీసేయాల్సిన ఇద్దరెవరో తనకు తెలుసునని చెప్పింది. సాయంత్రం లోపల ఆ రెండిళ్లకూ పోయి రావాలంది.

"ముందు ఎవరింటికి మేడమ్?" అంది నవనీత, జవాబు సగం తెలిసే.

"రేణుకోళ్ల ఇంటికి. మహేందర్ సార్ను గూడ ఆడికే రమ్మని ఫోన్ చెయ్యి, మేనమామ కద, ఎందుకు తీసేస్తున్నమో ఆయన గూడ ఇనాలె."

నవనీత ఫోన్ తీసింది. తీసి, కుర్చీ పక్కన ఉన్న గ్లాసును మళ్లీ ముందుకు చాపింది.

"ఇంకిన్ని పొయ్యుండ్రి మేడమ్," అంది. "ఈసారి నిజంగ దప్పికైతున్నది."